కూనిరాగం

పాలు తోడుపెట్టి, గ్యాస్ కట్టేసి, ఇడ్లీపిండి పొంగి కారిపోకుండా గిన్నె కింద పళ్ళెం పెట్టి, వీధి తలుపు గడియ రెండోసారి చూసుకుని వచ్చేసరికి రాత్రి పదకొండవుతుంది. మా ఆయన అప్పటికే ఒక నిద్ర తీసి ఉంటారు. అత్తయ్యగారి గదిలో ఫ్యాను ఒకటిలో తిరుగుతూ ఉంటుంది. అక్కణ్ణుంచి ఒక ముప్పావుగంట నాది.

ఆ ముప్పావుగంటలో ఈమధ్య నేను చేస్తున్న పని చెబితే మీరు నవ్వుతారేమో. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, వంటింటి గోడకి ఆనుకుని చల్లటి నేలమీద కాళ్ళు చాపుకుని, ఇంగ్లీషు పాటలు వింటున్నాను. అవి కూడా ఇప్పటి పాటలు కావు. 1955లో మొదలుపెట్టి వరసగా వింటున్నాను.

నేను బీఏ తెలుగు. మనుచరిత్రలో పద్యానికి ప్రతిపదార్థం చెప్పమంటే ఇప్పటికీ చెబుతాను గానీ, ఇంగ్లీషు పేపరు మాత్రం రెండో ప్రయత్నంలో గట్టెక్కినదాన్ని. అలాంటి నా చేతికి మా అమ్మాయి సంక్రాంతికి ఒక లావుపాటి పుస్తకం తెచ్చి ఇచ్చింది. రాబర్ట్ డైమెరీ అనే ఆయన సంపాదకత్వంలో వచ్చింది. దాని పేరు తెలుగులో చెప్పాలంటే 'చచ్చిపోయేలోగా వినవలసిన 1001 ఆల్బములు'. "పండగపూట ఆ మాటలేమిటే, పేరు మార్చి చెప్పు" అని అత్తయ్యగారు మనవరాల్ని కసిరారు. మా ఆయన పుస్తకం చేత్తో ఎత్తి చూసి, బరువు గురించి ఒక మాట అని టీవీ వైపు తిరిగిపోయారు.

"నాకెందుకే ఇది?" అన్నాను.

"నువ్వు పాడటం మానేశావు సరే. వినడం కూడా మానేశావమ్మా. నేను చూస్తూనే ఉన్నాను" అంది.

పిల్లలు ఊళ్ళో లేకపోయినా ఇంట్లో సంగతులు ఎలా కనిపెడతారో!

అసలు విషయం చెప్పాలి. మూడేళ్ళ క్రితం నాకు థైరాయిడ్ గడ్డ తీశారు. చెడ్డది కాదని తేలింది, అదృష్టం. గొంతుకి వెళ్ళే నరాలు ఆ గ్రంథిని ఆనుకునే ఉంటాయి, మాటకి ఇబ్బంది రాకపోవచ్చు గానీ పాడేవాళ్ళకి పై స్థాయి తగ్గే అవకాశం ఉందని డాక్టరుగారు ముందే చెప్పారు. సంతకం పెట్టాను. ప్రాణమా, పై షడ్జమా అని అడిగితే ఎవరైనా ఏం చెబుతారు? మాట బాగానే వచ్చింది. ఫోన్లో కొత్తవాళ్ళు ఒక్కోసారి "సార్" అంటారు, అంతే. పాట మాత్రం పంచమం దాటగానే ఉత్త గాలి అయిపోతుంది.

వర్ణాల దాకా నేర్చుకున్నాను. కాలేజీలో లలిత సంగీతానికి ప్రతి ఏడూ కప్పు నాదే. పెళ్ళయ్యాక అదంతా పోయినా, మా వీధిలో పేరంటం అంటే హారతి పాటకి నా వంతు ఉండేది. వాయినంతో పాటు "మీ పాట లేకపోతే వెలితిగా ఉంటుందండీ" అనే మాట కూడా కొంగున కట్టుకుని వచ్చేదాన్ని. ఆపరేషన్ తర్వాత "గొంతు బాగాలేదండీ" అని ఒకసారి అన్నాను, రెండోసారి అన్నాను, మూడోసారికి అడగడం మానేశారు. ఇప్పుడు అన్ని ఇళ్ళల్లోనూ హారతి ఫోనే పాడుతోంది. మా ఇంట్లోనూ అంతే.

వినడం ఎందుకు మానేశానో అమ్మాయికి చెప్పలేదు, మీకు చెబుతాను. తెలిసిన పాట చెవిన పడితే నా గొంతు ఊరుకోదు, లోపల్లోపలే వెంట పడుతుంది. పై సంగతి వచ్చేచోట టక్కున ఆగిపోతుంది. మేడ మెట్లు ఎక్కుతూ ఎక్కుతూ ఉంటే పై మెట్టు లేనట్టు. ఘంటసాల అయినా, సుశీలమ్మ అయినా, బాలమురళి అయినా అంతే. రేడియో కట్టేస్తే ఆ బాధ లేదు.

ఇంగ్లీషు పాటలకి ఆ ఇబ్బంది లేదని తర్వాత తెలిసింది. నాకు రావు కాబట్టి నా గొంతు వాటి వెంట పడదు. శివరాత్రి వెళ్ళాక ఒక రాత్రి నిద్రపట్టక ఆ పుస్తకం మొదటి పేజీ తెరిచాను.

మొట్టమొదటిది ఫ్రాంక్ సినాట్రా పాడిన 'ఇన్ ద వీ స్మాల్ అవర్స్'. 1955. అట్టమీద బొమ్మలో రాత్రివేళ వీధి, నీలం ఆకుపచ్చా కలిసిన మసక, వీధిదీపం, టోపీ పెట్టుకుని చేతిలో సిగరెట్టుతో ఒంటరిగా నిలబడ్డ మనిషి. ఆ పేరుకి అర్థం అర్ధరాత్రి దాటి తెల్లవారుజాము కాకముందు వచ్చే గడియలని. ఆయనకి ఆ వేళ ప్రేయసి గుర్తొచ్చి నిద్ర పట్టదు. మనకి ఆ వేళ మెలకువ వస్తే, మున్సిపాలిటీ నీళ్ళు వదిలారేమో, మోటారు వెయ్యాలేమో అని.

మొదటిరోజు నాకు ఒక్క ముక్క నచ్చలేదు. పదహారు పాటలు, పదహారూ నత్తనడక. ఒక పాట అయి ఇంకోటి మొదలైందని కూడా తెలియలేదు. ఒక పాట పేరు మాత్రం ఆశ్చర్యంగా అనిపించింది, 'గ్లాడ్ టు బి అన్‌హ్యాపీ'. దుఃఖపడుతున్నందుకు సంతోషమట! మర్నాడు అమ్మాయితో "అన్నీ ఒకేలా ఉన్నాయి" అన్నాను. "అలా ఉండాలనే చేశారమ్మా. అన్నీ ఒకే మూడ్. అందుకే దాన్ని మొదట పెట్టారు" అంది.

అప్పుడు పుస్తకంలో అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను. అంతకుముందు రోజుల్లో 78 వేగంతో తిరిగే రికార్డు ఒక వైపు మూడు నిమిషాలకి మించి పట్టేది కాదు. ఒక్కో వైపు ఒక్కో పాట. 1948లో నిమిషానికి 33 చుట్లు తిరిగే లాంగ్ ప్లే వచ్చాక, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి పైగా పాడే వీలు చిక్కింది. అందరూ ఉన్న పాటలే దాంట్లోకి ఎత్తిపోస్తుంటే, సినాట్రా, ఆయనకి వాద్యబృందం కూర్చిన నెల్సన్ రిడిల్ కలిసి, ఒకే రాత్రి, ఒకే మనిషి, ఒకే దిగులు అన్నట్టు పాటలు ఏరి వరస కట్టారు. తెలుగు చదువుకున్నదాన్ని కాబట్టి నాకు ఒక్కటే పోలిక తట్టింది. అంతకుముందువన్నీ చాటుపద్యాలు, ఇది శతకం. ఏ పద్యానికి ఆ పద్యం విడిగా నిలబడుతుంది, కానీ మకుటం ఒకటే.

మనకి పాటలు తెలుసు గానీ ఆల్బములు తెలీవు, గమనించారా? సినిమా పేరు చెప్పుకుంటాం, పాట చెప్పుకుంటాం. మొదటి నుంచి చివరి దాకా ఒక రికార్డుని వరసలో వినడం మా ఇంట్లో జరిగింది ఒక్కదానికే, ఘంటసాల భగవద్గీతకి. 1974 ఫిబ్రవరిలో ఆయన పోయాక అది విడుదలైంది. ఆ గొంతులో పాతాళభైరవి నాటి పరుగు లేదు, బరువుంది. ఇప్పుడు దాన్ని చావు ఇళ్ళకి అంటగట్టేశారు. వీధిలో అది వినబడితే ఎవరు పోయారా అని కిటికీలోంచి తొంగి చూస్తున్నాం. నాన్న ఉంటే చాలా కోప్పడేవారు. ఆయనకి అది ఆదివారం పొద్దున్న కాఫీతో వినేది.

సరే, సినాట్రా దగ్గరికి వద్దాం. మూడోరాత్రో నాలుగోరాత్రో, మాటల అర్థం కోసం వెతకడం మానేసి ఊరికే విన్నాను. అప్పుడు ఆయన ఊపిరి పట్టుబడింది. మనం ఊపిరి తీసుకుంటాం అనుకున్నచోట ఆయన తీసుకోడు. వాక్యం పూర్తయ్యేదాకా లాక్కుపోతాడు. కుర్రతనంలో టామీ డోర్సీ బృందంలో పాడేటప్పుడు, డోర్సీ ట్రాంబోన్ ఊదుతూ ఎక్కడ ఊపిరి తీస్తున్నాడో వెనకనుంచి చూసి నేర్చుకున్నాడట. పాడటం వచ్చినవాళ్ళకి ఇలాంటివి వింటే ఒళ్ళు పులకరిస్తుంది. ఇంత మెత్తగా పాడుతూ అంత ఊపిరి నిలపడం మామూలు విషయం కాదు.

ఈ రకం గాయకుల్ని 'క్రూనర్లు' అంటారు. క్రూన్ అంటే పసిపిల్లని జోకొట్టేటప్పుడు తీసే సన్నటి రాగంలాంటిది. ఆ మాట చదవగానే నాకు మన కూనిరాగం గుర్తొచ్చింది. క్రూన్, కూని. రెండు భాషలకీ చుట్టరికం ఉందని నేననడం లేదు. మా భాషాశాస్త్రం మేడం ఉంటే బెత్తం పట్టుకునేవారు. కానీ కలిసింది కదా!

ఈ కూనిరాగపు గాయకులు మైకు పుణ్యమా అని పుట్టారు. 1925 ప్రాంతంలో మైకుతో రికార్డు చెయ్యడం వచ్చేదాకా, పాటగాడు గొంతు చించుకుని పాడితేనే రికార్డు మీద పడేది. మైకు వచ్చాక బింగ్ క్రాస్బీలాంటి వాళ్ళు పక్కన కూర్చుని చెవిలో చెప్పినట్టు పాడటం మొదలుపెట్టారు. మనకీ అంతేగా. నాటకాల్లో పద్యం అంటే చివరి వరసలో కూర్చున్నవాడికి వినబడాలి, రాగం సాగదీసి చప్పట్లు కొట్టించుకోవాలి. ఘంటసాల వచ్చి మైకు ముందు అదే పద్యాన్ని మాట అర్థమయ్యేలా, మనసుకి తగిలేలా చెప్పారు. ఆయన పాడిన పుష్పవిలాపం విని మా అమ్మ పూలు కొయ్యడం మానేసిందని నాన్న వేళాకోళం చేసేవారు. మానలేదు లెండి, వేళాకోళమే.

నాన్న గురించి చెప్పకుండా ఈ సంగతి ముందుకి సాగదు. మా నాన్న అమెరికాలో ఉంటే సినాట్రా అభిమాని అయ్యుండేవారు. తెనాలిలో ఉన్నారు కాబట్టి దేవదాసు. 1953 సినిమా. నాన్న పుట్టిన కొన్నేళ్ళకి వచ్చింది. దానికి సంగీతం చేసిన సి.ఆర్. సుబ్బరామన్ సినిమా విడుదల చూడకుండానే పోయారు. ఆ పాటలు నాన్నకి మంత్రపుష్పం. రాత్రి భోజనం అయ్యాక పడక్కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని, చెయ్యి గాల్లో ఆడిస్తూ పాడుకునేవారు. మందు ముట్టని మనిషి, ఏనాడూ గొంతెత్తి మాట్లాడని మనిషి, ఆ పాట దగ్గర మాత్రం కళ్ళు తడి చేసుకునేవారు. చిన్నప్పుడు నేనూ చెల్లీ నాన్నకి ఎవరో పార్వతి ఉండేదని గట్టిగా నమ్మాం. ఒకరోజు అమ్మనే అడిగేశాం. అమ్మ అంట్లు తోముతోంది. "ఉంటే ఆవిడే తోమేది" అంది.

నాన్న దిగులుకి ఘంటసాల ఉన్నారు, వయొలిన్లు ఉన్నాయి, పడక్కుర్చీ ఉంది. అమ్మ దిగులు మాకు గిన్నెల చప్పుడుగానే తెలుసు. ఆ చప్పుడు కాస్త పెరిగితే ఇంట్లో అందరం పుస్తకాలు తీసేవాళ్ళం. అమ్మ పాడేది కాదా అంటే, పాడేది. అన్నం ఉడుకుతున్నప్పుడు పొయ్యి ముందు కూర్చుని పెదాలు కదలకుండా ఏదో తీసేది. మేం దగ్గరికి వెళితే ఆపేసేది. ఆవిడ గొంతెత్తి పాడగా విన్నది ఒక్కసారే. నా పెళ్ళిలో అప్పగింతల పాట. సగంలో గొంతు పూడుకుపోయింది. మా పిన్ని అందుకుని పూర్తి చేసింది.

ఇదంతా గుర్తొచ్చి, సినాట్రా దిగులు సంగతేమిటో చూద్దామని వెతికాను. ఆ ఆల్బమ్ వెనక ఎవా గార్డనర్ అనే అందాల నటి ఉందని అందరూ రాస్తారు. 1951లో పెళ్ళి చేసుకున్నారు, 1953కల్లా విడిపోయారు, 1957లో విడాకులు. ఆవిడ కోసం పడ్డ బాధ ఆ గొంతులోకి వచ్చిందట. వచ్చే ఉంటుంది. కానీ అంతకుముందు ఆయనకి నాన్సీ అనే భార్య ఉంది, ముగ్గురు పిల్లలు. వాళ్ళని వదిలి ఎవాని చేసుకున్నాడు. నాన్సీ మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. 2018 దాకా, నూటొక్క ఏళ్ళు బతికింది. ముగ్గురు పిల్లల్ని పడుకోబెట్టి ఆవిడ కూర్చున్న రాత్రి ఒంటిగంటల మాటేమిటి? వాటికి ఏ నెల్సన్ రిడిల్ వయొలిన్లు రాశాడు? ఈ మాట అమ్మాయితో అంటే "అమ్మా, నువ్వు ఆల్బమ్ విను, కాపురాలు తీర్చకు" అంది. నిజమే. కానీ ఆ రాత్రి నుంచి ఆ రికార్డు వింటున్నప్పుడల్లా నాన్సీ కూడా నా పక్కన నేలమీద కూర్చుంటోంది.

ఇంకో సంగతి చదివి మాత్రం లేచి నిలబడ్డాను. 1950లో, న్యూయార్కులో కోపకబానా అనే క్లబ్బులో పాడుతూ ఉండగా సినాట్రా నోరు తెరిస్తే శబ్దం రాలేదట. గొంతులో రక్తం చిమ్మింది. కొన్నాళ్ళు మాట్లాడనే కూడదన్నారు. ముప్ఫై నాలుగేళ్ళ వయసు. 1952లో రికార్డు కంపెనీ వదిలేసింది. ఆయన పని అయిపోయిందన్నారు. 1953లో క్యాపిటల్ కంపెనీలో చేరి మళ్ళీ పాడాడు. అప్పటి గొంతు పాత గొంతు కాదు, కిందికి దిగి చిక్కబడింది. నేను విన్నది ఆ గొంతునే.

ఆయనకి తిరిగొచ్చింది, నాకు రాలేదు. పుస్తకం మూసేసి నాలుగు రోజులు ముట్టుకోలేదు.

ఆ తర్వాతవి త్వరగానే చెప్పేస్తాను, ఎందుకంటే త్వరగానే విన్నాను. ఎల్విస్ ప్రెస్లీ మొదటి ఆల్బమ్ 1956లోది. కుర్రాడు గంతులేస్తున్నాడు, వేయనీండి. లూవిన్ బ్రదర్స్ అని ఇద్దరు అన్నదమ్ములు. గొంతులు తేనె, ఒకరి స్వరం మీద ఇంకొకరి స్వరం అంటుకట్టినట్టుంటుంది. హాయిగా వింటూ చపాతీపిండి కలుపుతున్నాను. ఒక పాట మరీ నచ్చి అమ్మాయిని అర్థం అడిగితే, వాడు ప్రియురాల్ని కర్రతో కొట్టి చంపి నదిలో పడేశాడని చెప్పింది. 'నాక్స్‌విల్ గర్ల్' దాని పేరు. పిండి కలపడం ఆపేశాను. తేనె పూసి ఎన్నెన్ని మింగించారో మనచేత, పాటల్లో! ఫ్యాట్స్ డామినో మాత్రం మంచివాడు. ఆయన పియానో మోగుతుంటే గిన్నెలు వాటంతటవే తోముకుంటాయి.

డ్యూక్ ఎల్లింగ్టన్ న్యూపోర్టు కచేరీ గురించి ఒక ముక్క. 1956 జూలై రాత్రి. పాల్ గొన్సాల్వెస్ అనే ఆయన శాక్సఫోన్ మీద ఇరవై ఏడు ఆవృత్తాలు ఆపకుండా వాయించాడు. మధ్యలో నల్లగౌను వేసుకున్న ఒకామె కుర్చీలోంచి లేచి నాట్యం మొదలుపెట్టింది. ఆమెని చూసి జనం లేచారు, జనాన్ని చూసి బ్యాండు రెచ్చిపోయింది. ఆ అరుపులన్నీ రికార్డులో వినబడతాయి. నేను వెనక్కి తిప్పి తిప్పి ఆమె ఏ క్షణంలో లేచిందో పట్టుకుందామని చూశాను. దొరకలేదు.

రోజుకొకటి వింటాననుకున్నది వారానికొకటి అయింది. ఈ లెక్కన 1001 పూర్తయ్యేసరికి పంతొమ్మిదేళ్ళు పడుతుంది. నాకప్పటికి అరవై మూడు. చూద్దాం.

శ్రావణమాసం వచ్చేసరికి 1958కి చేరాను. బిల్లీ హాలిడే, 'లేడీ ఇన్ శాటిన్'.

పెద్ద వాద్యబృందం, బోలెడు వయొలిన్లు, నున్నగా పట్టు జారినట్టు మొదలైంది. తర్వాత ఆవిడ నోరు తెరిచింది. నా ఇయర్‌ఫోన్ తీగ పాడైందేమో అనుకున్నాను. తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాను. తీగ బాగానే ఉంది. గొంతే అలా ఉంది. గరగర, చీలిక, మధ్యమధ్య ఉత్త గాలి. నాకు బాగా తెలిసిన గాలి.

సినాట్రా పుట్టిన 1915లోనే ఈవిడా పుట్టింది. తన పాట మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం ఈవిడదేనని సినాట్రాయే చెప్పుకున్నాడు. బీదతనం, నల్లజాతి పుట్టుక, తాగుడు, మత్తుమందు, జైలు. జైలుకి వెళ్ళొచ్చాక న్యూయార్కు క్లబ్బుల్లో పాడే అనుమతి కూడా తీసేశారు. ఈ రికార్డు చేసేనాటికి ఆవిడకి నలభై రెండేళ్ళు. వింటే డెబ్భై అనుకుంటాం. ఏడాదిన్నర తిరక్కుండా, 1959 జూలైలో పోయింది. అప్పటికి నలభై నాలుగు. నాకిప్పుడు నలభై నాలుగు.

మొదటి పాట 'ఐ యామ్ ఎ ఫూల్ టు వాంట్ యూ'. అది రాసినవాళ్ళలో సినాట్రా ఒకడు, ఎవా కోసం అల్లాడే రోజుల్లో 1951లో తనే పాడాడు కూడా. ఆయన పాడింది వెతికి విన్నాను. బాగుంది. ఈవిడ పాడింది విన్నాక బాగుంది అనే మాట సరిపోదు. ఆ పాట పాడి, మళ్ళీ వేసి వినిపిస్తుంటే ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయని వాద్యబృందాన్ని నడిపిన రే ఎల్లిస్ చెప్పాడట. మొదట్లో ఆయనకే ఈ పాట నచ్చలేదు. స్వరాలు తను అనుకున్నట్టు పడలేదని చిరాకు పడ్డాడు. కొన్నాళ్ళ తర్వాత మళ్ళీ విన్నాక గానీ ఆవిడ ఏం చేసిందో తెలియలేదు.

గొప్పలు చెప్పను, నాకూ మొదటి రెండుసార్లు తెలియలేదు. దిగులొచ్చింది, అంతే. ఇంత చెడిపోయిన గొంతుని రికార్డు ఎందుకు చేశారు, జాలి లేదా అనిపించింది. మూడోసారి పాడేవాళ్ళ చెవితో విన్నాను. అప్పుడు కనబడింది. తన గొంతు పై మెట్టుకి వెళ్ళదని ఆవిడకి తెలుసు. అక్కడికి వెళ్ళడమే లేదు. లాగాల్సిన చోట లాగకుండా దించేస్తోంది. పాడలేని చోట మాటలా చెప్పేస్తోంది. తాళానికి కొంచెం వెనకగా, కాళ్ళీడ్చుకుంటూ వచ్చినట్టు వచ్చి, సరిగ్గా అందవలసిన చోటికి అందుతోంది. ఉన్న నాలుగు స్వరాల్లో కాపురం చేస్తోంది.

చేతిలో బియ్యం చేట అలాగే ఉంది. నేను మూడేళ్ళుగా చేస్తున్నదేమిటి? ఎవరూ లేనప్పుడు బాత్రూములో నీళ్ళు వదిలి, నా పాత శ్రుతిలో, ఐదు శ్రుతిలో, పాత పాట పాత సంగతులతో పాడి చూసుకోవడం, పంచమం మీద విరిగిపోతే నోరు మూసుకోవడం. శ్రుతి దించి చూడొచ్చని నాకు తట్టనే లేదు! సంగీతం నేర్చుకున్నదాన్ని. అమ్మాయి పాడుతుంటే "కట్టె దించుకో" అని నేనే చెప్పినదాన్ని.

ఆ రాత్రి ఫోన్లో తంబురా యాప్ తీశాను. నాలుగున్నర పెట్టాను. ఊహూఁ. నాలుగు. మూడులో గొంతు కూర్చుంది. ఆడవాళ్ళు పాడే శ్రుతి కాదు. పెద్దాయనెవరో పక్కగదిలో పాడుతున్నట్టుంది. నోరు తెరవకుండా, ఫ్రిజ్ చప్పుడు కన్నా తక్కువగా, ఒక హారతి పాట మొదటి నుంచి చివరి దాకా తీశాను. రెండుచోట్ల చీలింది. చీలితే చీలిందని ముందుకి పోయాను. తర్వాత వారం రోజులూ రాత్రిళ్ళు అదే పని. పుస్తకం పేజీ తిప్పలేదు.

వరలక్ష్మీవ్రతం నాడు ఏదో గొప్ప పని చేద్దామని నేను అనుకోలేదు. పొద్దున్నే లేచి తొమ్మిది రకాలు చేసి, కలశానికి చీర చుట్టి, పూజ చేసేసరికి నడుం విరిగింది. సాయంత్రం పేరంటానికి పన్నెండుమంది వచ్చారు. ఎప్పట్లాగే ఫోనులో హారతి పాట పెట్టి, స్టూలు మీద నిలబెట్టి, పళ్ళెం చేతిలోకి తీసుకున్నాను. కర్పూరం వెలిగించాను. పాట పల్లవి దాటిందో లేదో ఆగిపోయి, బంగారం తాకట్టు పెట్టుకుని నిమిషాల్లో అప్పిస్తామని ఒకాయన అరవడం మొదలుపెట్టాడు. అమ్మవారి మెడలో అత్తయ్యగారి కాసులపేరు వేసి ఉంది. అందరూ ఫక్కున నవ్వారు. ఎదురింటావిడ ఫోను నొక్కబోతే అది ఇంకోదాన్లోకి వెళ్ళింది. కర్పూరం అయిపోవస్తోంది.

పాడాను. శ్రుతి పెట్టుకోలేదు గానీ వారం రోజుల అలవాటుకి గొంతు దానంతటదే కిందికి వెళ్ళి మూడులో కూర్చుంది. మొదటి చరణం దాకా బాగానే ఉంది. రెండో చరణంలో ఒక మాట మీద గాలి అయింది. ఆగలేదు. ఆ మాటని ఊరికే చెప్పేసి తర్వాతదాన్లోకి దిగాను. ఎవరి మొహాలూ చూడలేదు, హారతి వైపే చూశాను. మంగళం అయ్యాక అందరూ కళ్ళకద్దుకున్నారు. మెచ్చుకోలు ఏమీ లేదు. ఎవరో శనగల్లో ఉప్పు సరిపోయిందన్నారు. మేడమీద కొత్తగా దిగిన అమ్మాయి మాత్రం "ఆంటీ, ఆ పాట నాకు రాసిస్తారా?" అంది. పసుపు అంటిన చేత్తోనే కాగితం మీద రాసిచ్చాను.

అందరూ వెళ్ళాక అత్తయ్యగారు గోడకి చేరబడి కూర్చున్నారు. ఆవిడకి డెబ్భై ఎనిమిది. ఈమధ్య చెవులు సరిగ్గా వినబడవు. నేను తాంబూలం పళ్ళాలు ఒకదాంట్లో ఒకటి పేరుస్తున్నాను.

"అమ్మాయ్, ఇందాక పాడింది నువ్వేనా?" అన్నారు.

"నేనేనండీ అత్తయ్యగారూ. ఫోన్ ఆగిపోయింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. నేను కొబ్బరిచిప్పలు లెక్కపెట్టుకుంటున్నాను.

"మీ అమ్మ అనుకున్నాను" అన్నారు. "మీ పెళ్ళిలో అప్పగింతలప్పుడు పాడింది చూడూ, అచ్చం అలా ఉంది."

మర్నాడు అమ్మకి ఫోన్ చేశాను. అన్నయ్య దగ్గర ఉంటోంది. అప్పగింతల పాట మొత్తం వచ్చా అని అడిగాను. "ఇప్పుడెందుకే అదీ, మనవరాలికి సంబంధం గానీ చూశారా ఏంటి?" అంది. కాదు, ఊరికే అన్నాను. స్పీకరు పెట్టమన్నాను. ముందు మాటలు చెప్పింది, తర్వాత రాగం తీసింది. ఈసారి మధ్యలో ఆగలేదు. వెనకాల కుక్కరు విజిల్ వేస్తూనే ఉంది.

రాత్రి అమ్మాయి ఫోన్ చేసి "ఎంతదాకా వచ్చావమ్మా? మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' దాకా వచ్చావా?" అని అడిగింది.

"ఇంకా బిల్లీ హాలిడే దగ్గరే ఉన్నానే."

"నెలైందమ్మా!"

"ఉండవే, పాలు తోడుపెట్టాలి" అని పెట్టేశాను.